వాలరెంట్ మొదలుపెట్టొచ్చా? గంటన్నర టైమ్, అంతంతమాత్రం హిందీ ఉన్నవాళ్ళకి వివరంగా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మూడేళ్ళు ఫోన్‌లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడారు. ఇప్పుడు ఆర్‌టీఎక్స్ 3050 ఉన్న ల్యాప్‌టాప్ చేతికొచ్చింది, స్క్రీన్ 60 హెర్ట్జ్. హాస్టల్లో ఫ్రెండ్స్ వాలరెంట్ అనే కంప్యూటర్ షూటింగ్ ఆట ఆడదామంటున్నారు. రోజుకు గంటన్నర మించి కుదరదు, హిందీ అంతంతమాత్రం. ఆట నిజంగా బాగుంటుందా, దాని లోపాలేంటి అని అడిగారు.

సూటిగా చెప్తాను. కనీసం ఇద్దరు తెలిసినవాళ్ళు తోడుండి, మధ్యలో లేవకుండా ముప్పావు గంట కూర్చోగలిగితే మొదలుపెట్టండి. తుపాకీ విషయంలో ఇంత న్యాయంగా ఉండే ఉచిత ఆట ఇంకొకటి దొరకడం కష్టం. ఒంటరిగా, అరగంట దొరికినప్పుడల్లా ఆడదామనుకుంటే మాత్రం ర్యాంక్డ్ (గెలుపోటములతో ర్యాంకు మారే మ్యాచ్‌లు) జోలికి వెళ్ళకండి. ఈ ఆటలో పెద్ద లోపాలన్నీ జట్టులో మీతో పడే, మీకు తెలియని నలుగురి దగ్గరే మొదలవుతాయి.

ముందు బలాల సంగతి. రయట్ గేమ్స్ దీన్ని 2020 జూన్‌లో విడుదల చేసింది. ఐదుగురి మీద ఐదుగురు. దాడి చేసేవాళ్ళు స్పైక్ అనే బాంబు పెట్టాలి, కాపలా వాళ్ళు ఆపాలి. 12 రౌండ్ల తర్వాత వైపులు మారతాయి, ముందు 13 గెలిచినవాళ్ళదే మ్యాచ్. చనిపోతే ఆ రౌండ్ అయ్యేదాకా చూస్తూ కూర్చోవాల్సిందే. బీజీఎంఐలో లాగా లూట్ అదృష్టం, జోన్ అదృష్టం ఇక్కడ ఉండవు. అందరూ ఒకే అంగడిలో, ఒకే ధరకు కొనుక్కుంటారు.

తుపాకుల లెక్క కూడా తేటగా ఉంటుంది. మనిషికి 100 ప్రాణం, హెవీ షీల్డ్ వేసుకుంటే ఇంకో 50, మొత్తం 150. వాండల్ రైఫిల్ తూటా తలకు తగిలితే 160 పోతుంది, ఎంత దూరమైనా అంతే. ఒంటికి 40, అంటే నాలుగు తూటాలు. ఫాంటమ్ దగ్గర్లో తలకు 156 కొడుతుంది, దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. అందుకే దూరం నుంచి ఫాంటమ్‌తో తలకు కొట్టినా అవతలివాడు కాస్త ప్రాణంతో మిగిలిపోవడం కొత్తవాళ్ళకు అర్థం కాదు. రెండిటి ధరా 2900. ఫాంటమ్ కాల్పుల వేగం ఎక్కువ, తూటాలు 30, శబ్దమూ తక్కువ. పొగలోంచి కాల్చేటప్పుడు తూటా గీత అవతలివాళ్ళకు కనబడదు. వాండల్‌కు 25 తూటాలే. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి వాండలే మంచిదని నా అభిప్రాయం. కారణం ఒక్కటే: తల ఎత్తున గురి పెట్టుకునే అలవాటు పడితే దాని ఫలితం ప్రతిసారీ ఒకేలా వస్తుంది.

ఇక్కడే బీజీఎంఐ అలవాటు ఒకటి దెబ్బ తీస్తుంది. పరుగెడుతూ కాలిస్తే తూటా మీరు చూపించిన చోటికి పోదు. ఆగాలి, అప్పుడు కాల్చాలి. ఎడమకు జరుగుతుంటే కీబోర్డ్‌లో A వదిలి, D ఒక్కసారి తట్టి, ఆ క్షణంలో రెండు మూడు తూటాలు వేసి మళ్ళీ జరగాలి. స్ప్రే పట్టి ఉంచితే, అంటే బటన్ వదలకుండా కాలుస్తూ పోతే, మొదటి కొన్ని తూటాలు పైకి ఎక్కుతాయి, ఆ తర్వాత తుపాకీ ఎడమకూ కుడికీ ఊగుతుంది. ఆ ఊపు ఏ తూటా దగ్గర ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పలేం. కౌంటర్ స్ట్రైక్‌లో స్ప్రే నమూనా కంఠతా పట్టొచ్చు, ఇక్కడ పూర్తిగా కుదరదు. కౌంటర్ స్ట్రైక్ నుంచి వచ్చినవాళ్ళు దీన్ని లోపమంటారు, ఆ మాటలో న్యాయముంది. దూరంలో ఉన్న మనిషి మీద స్ప్రే పట్టడం ఇక్కడ జూదమే.

ఈ ఆటలో అన్నిటికంటే లోతైనది డబ్బు లెక్క. చాలామంది ఏడాది ఆడినా దీన్ని పట్టించుకోరు. ఒక ఉదాహరణ తీసుకుందాం. మొదటి రౌండ్లో అందరికీ 800 క్రెడిట్లు. అవన్నీ ఖర్చుపెట్టి ఓడిపోయారు. ఓటమికి 1900 వస్తాయి. రెండో రౌండ్లో ఏమీ కొనకుండా మళ్ళీ ఓడితే ఈసారి 2400. మొత్తం 4300. మూడో రౌండ్లో 2900 వాండల్, 1000 హెవీ షీల్డ్, మిగిలిన 400తో ఒకటి రెండు పొగలు. ఫుల్ బై, అంటే పూర్తి కొనుగోలు, అయిపోయింది.

అదే రెండో రౌండ్లో ఆత్రపడి 1600 పెట్టి స్పెక్టర్ అనే తుపాకీ కొన్నారనుకోండి. చేతిలో 300, ఓటమికి 2400, మొత్తం 2700. వాండల్‌కే 200 తక్కువ. ఆ ఒక్కడి వల్ల మూడో రౌండ్లో జట్టంతా నాలుగున్నర తుపాకులతో దిగుతుంది, ఆ రౌండ్ కూడా పోతుంది.

మధ్యే మార్గం షెరిఫ్ పిస్టల్. ధర 800, 30 మీటర్లలోపు తలకు 159, అంటే హెవీ షీల్డ్ ఉన్నవాడు కూడా ఒక్క తూటాకు పడతాడు. 1900లో 800 పోతే 1100 మిగులుతాయి. ఓడితే 2400 కలిసి 3500. వాండల్, 400 పెట్టి లైట్ షీల్డ్ వస్తాయి. ఆ రౌండ్లో ఇద్దర్ని కొట్టి ఉంటే తలకు 200 చొప్పున ఇంకో 400. సరిగ్గా 3900, వాండల్ హెవీ షీల్డ్ రెండూ వచ్చేస్తాయి. కొనే మెనూలోనే వచ్చే రౌండ్లో మీ దగ్గర కనీసం ఎంత ఉంటుందో చూపిస్తుంది. ఆ అంకె 3900 కంటే తగ్గేలా ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోండి, లేదా జట్టంతా కలిసి కొనండి. నలుగురు దాచుకుంటుంటే ఒకడు కొనడం, నలుగురు కొంటుంటే ఒకడు దాచుకోవడం, రెండూ తప్పే.

ఇంకో మెలిక ఉంది. దాడి వైపు ఉండి, స్పైక్ పెట్టకుండా, టైమ్ అయిపోయేదాకా దాక్కుని బతికి ఓడితే మీకు వచ్చేది 1000 మాత్రమే. మామూలు ఓటమి డబ్బు రాదు. చేతిలో వాండల్, ఒంటి మీద షీల్డ్ ఉంటే దాక్కోవడంలో అర్థముంది. క్లాసిక్ పిస్టల్ పట్టుకుని దాక్కుంటే మాత్రం ఉన్నదీ పోతుంది.

స్పైక్ గడియారం సంగతి కూడా దగ్గరగా చూడండి, ఎన్నో రౌండ్లు ఇక్కడే తేలతాయి. పెట్టడానికి 4 సెకన్లు, పేలడానికి 45, తీయడానికి 7. సగం దగ్గర, అంటే 3.5 సెకన్ల దగ్గర ఒక గుర్తు పడుతుంది. ఆ సగం దాటి వదిలేస్తే తర్వాత మిగతా సగం తీస్తే చాలు. కాపలా వైపు ఒక్కడే మిగిలాడు, అవతల ఒకడున్నాడు. వీడు స్పైక్ ముట్టుకోగానే ఆ శబ్దం అవతలివాడికి వినబడుతుంది. వాడు కంగారుగా మూల దాటి బయటికొస్తాడు. అందుకని అర సెకను తట్టి వదిలి, తుపాకీ ఎత్తి ఆ మూల వైపే చూస్తూ ఉండాలి. ఈ దొంగ తట్టు రెండుసార్లు చూశాక వాడు రావడం మానేస్తాడు. మూడోసారి నిజంగానే సగం తీసేయొచ్చు. కాల్చే నైపుణ్యం అంతంతగా ఉన్నవాడు కూడా గెలిచే దారి ఇది. నాకు ఈ ఆట మీదున్న ఇష్టమంతా ఇలాంటి క్షణాల వల్లే.

అడుగుల చప్పుడు కూడా అంతే ముఖ్యం. పరుగెడితే ఎంత దూరం వినబడుతుందో మినీమ్యాప్ మీద మీ చుట్టూ గుండ్రంగా చూపిస్తుంది. షిఫ్ట్ నొక్కి నడిస్తే చప్పుడు ఉండదు. స్పీకర్లు పనికిరావు, ఐదొందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్లైనా చాలు. బ్లూటూత్ మాత్రం వద్దు, శబ్దం ఆలస్యంగా వస్తుంది.

నెట్ విషయంలో మనకు అదృష్టమే. ముంబైలో సర్వర్ ఉంది. హైదరాబాద్, విజయవాడ నుంచి మంచి ఫైబర్ లైన్ మీద పింగ్ (మీ కదలిక సర్వర్‌కు వెళ్ళి రావడానికి పట్టే సమయం) సాధారణంగా 20 నుంచి 45 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. సర్వర్ సెకనుకు 128 సార్లు లెక్క వేస్తుంది. అయినా మూల దాటి వచ్చేవాడికి కాస్త లాభం ఉండి తీరుతుంది. వాడు బయటికొచ్చిన సంగతి సర్వర్ దాటి మీ స్క్రీన్ మీదికి వచ్చేలోపు వాడు మిమ్మల్ని చూసేసి ఉంటాడు. అందుకే ఒకే మూలను కళ్ళార్పకుండా పట్టుకుని నిలబడేవాడు తరచూ చస్తాడు. అందరూ ఊహించే చోటు నుంచి రెండడుగులు పక్కకు జరిగి నిలబడండి. గోడకు అతుక్కోకుండా మూలకు దూరంగా ఉండండి. ఒకర్ని కొట్టగానే చోటు మార్చండి. హాస్టల్ వైఫై మీద పింగ్ అంకె బాగానే కనిపించినా ప్యాకెట్ లాస్ (దారిలో సమాచారం పోవడం) చంపేస్తుంది. సెట్టింగ్స్‌లో గణాంకాల దగ్గర ప్యాకెట్ లాస్ ఆన్ చేసి చూడండి. అది సున్నా దగ్గర నిలవకపోతే ల్యాన్ వైరు పెట్టుకునేదాకా ర్యాంక్డ్ ఆడకండి.

ఇక లోపాలకు వద్దాం.

మొదటిది, అన్నిటికంటే బరువైనది, మాట. ముంబై సర్వర్‌లో ఎవరో తెలియని నలుగురితో పడితే ఎక్కువగా వినిపించేది హిందీ, కొంచెం ఇంగ్లీషు. మన పిల్లలు చాలామంది భాష రాదని మైక్ ఆపేసుకుని కూర్చుంటారు. అవతల తప్పు జరగగానే బూతులు మొదలవుతాయి, అందులో మైక్ లేనివాడే మొదట దొరికిపోతాడు. ఆటలో ఇంతకంటే పాడైన భాగం లేదు. ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉంది, శిక్షలూ పడతాయి, కానీ పాడైన ఆ ముప్పావు గంట తిరిగి రాదు.

దీనికి విరుగుడు ఉంది. సమాచారం చెప్పడానికి వ్యాకరణం అక్కర్లేదు. మూడు ముక్కలు చాలు: ఎంతమంది, ఎక్కడ, ఎంత దెబ్బ తగిలింది. "టూ బీ మెయిన్", "వన్ హెవెన్, హిట్ 80", "స్పైక్ ఏ". ప్రతి చోటి పేరూ మినీమ్యాప్ మీద రాసే ఉంటుంది. చనిపోయిన వెంటనే రెండు సెకన్లలో చెప్పేసి మైక్ వదిలేయాలి. మీ ముగ్గురూ తెలుగులో మాట్లాడుకునేటట్టయితే పార్టీ వాయిస్‌లో మాట్లాడుకోండి, ఈ మూడు ముక్కలు మాత్రం టీమ్ వాయిస్‌లో చెప్పండి. మిగతా ఇద్దరికి అర్థం కాని తెలుగు టీమ్ వాయిస్‌లో నడిస్తే వాళ్ళు చిరాకుపడటం సహజం. బూతు మొదలుపెట్టినవాణ్ణి మొదటి మాటకే మ్యూట్ చేయండి, జవాబు ఇవ్వొద్దు.

హాస్టల్ గుంపుకు ఇంకో ఇబ్బంది: ర్యాంక్డ్‌లో నలుగురు కలిసి వెళ్ళనివ్వదు. ఒక్కడే పరాయివాడు వాళ్ళ మధ్య ఇరుక్కుంటాడని ఆ నియమం. ఇద్దరు, ముగ్గురు, లేకపోతే ఐదుగురు. ముగ్గురి దాకా ర్యాంకులు దగ్గర దగ్గరగా ఉండాలి. ఐదుగురైతే తేడా ఉన్నా వెళ్ళనిస్తుంది కానీ తేడా ఎక్కువైతే గెలిచినా వచ్చే పాయింట్లు తగ్గిపోతాయి.

రెండో లోపం సమయం. ర్యాంక్డ్ మ్యాచ్ 35 నుంచి 45 నిమిషాలు. 12–12 అయితే రెండు రౌండ్ల ఆధిక్యం వచ్చేదాకా సాగుతుంది, లేదా డ్రాకు ఓటు వేయాలి. మధ్యలో లేస్తే శిక్ష పడుతుంది, పదేపదే లేస్తే ఆ శిక్ష పెరుగుతూ పోతుంది. అమ్మ పిలిచినా, మెస్ టైమైనా దానికి అనవసరం. మీ గంటన్నరలో ఒక ర్యాంక్డ్, కొంత సాధన పడతాయి. రెండో ర్యాంక్డ్ ఇరికించాలని చూస్తే తొందర మొదలై రెండూ పోతాయి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది కానీ రౌటర్, ఫైబర్ డబ్బా ఆగిపోతాయి. ఆ రెండిటికీ 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, ముందు అది కొనుక్కోండి. ఆగిపోతే భయపడి మూసేయకండి, మళ్ళీ ఆట తెరిస్తే అదే మ్యాచ్‌లోకి తిరిగి వెళ్ళొచ్చు.

మూడోది, పాత్రల రద్దీ. మొదట్లో 11 మంది ఏజెంట్లే. ఇప్పుడు పాతిక దాటారు. ఒక్కొక్కరికి నాలుగు సామర్థ్యాలు, అంటే వందకు పైగా పొగలూ ఫ్లాషులూ గోడలూ బొమ్మలూ గుర్తుపట్టాలి. కొత్తవాడికి తాను ఎందుకు చచ్చాడో కూడా తెలియదు. ఒక చిన్న సైట్‌లో (స్పైక్ పెట్టే చోటు) మూడు ఫ్లాషులు, రెండు పొగలు, ఒక నిప్పు ఒకేసారి పడితే తుపాకీ నైపుణ్యానికి చోటే ఉండదు. ఇది ఏటా పెరుగుతున్న సమస్య. తయారుచేసినవాళ్ళు సరిదిద్దుతూనే ఉన్నా పూర్తిగా తీరలేదు. ఓర్పు ఒక్కటే మార్గం. చనిపోయిన ప్రతిసారీ దేనివల్ల చచ్చారో దాని పేరు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ ఏజెంట్‌ని తర్వాత ప్రాక్టీస్ రేంజ్‌లో మీరే ఒకసారి వాడి చూడండి.

నాలుగోది వాన్‌గార్డ్. మోసగాళ్ళను పట్టే ప్రోగ్రామ్ ఇది. కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్‌తో పాటే, కెర్నెల్ స్థాయిలో, అంటే విండోస్ లోలోపలి పొరలో లేస్తుంది. దీనివల్ల మోసం తక్కువగా ఉన్న మాట నిజం. ఆట ఆడనప్పుడు కూడా అంత లోతున ఒక ప్రోగ్రామ్ నడవడం కొందరికి ఇష్టముండదు, ఆ అభ్యంతరంలోనూ న్యాయముంది. కింద గడియారం పక్కన ఉన్న దాని గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ఆపేయొచ్చు. మళ్ళీ ఆడాలంటే రీస్టార్ట్ చేయాలి.

విండోస్ 11 మీద దీనికి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఆన్‌లో ఉండాలి. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆన్‌లోనే వస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, కాలేజీ పని కోసం ఉబుంటు డ్యూయల్ బూట్ వేసుకుంటూ సెక్యూర్ బూట్ ఆపేసినవాళ్ళకి. వాళ్ళకి వాన్ 9001 గానీ వాన్ 9003 గానీ ఎర్రర్ వస్తుంది. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ యూఈఎఫ్ఐ అని ఉందా, సెక్యూర్ బూట్ స్టేట్ ఆన్ అని ఉందా చూడండి. రెండోది ఆఫ్ అయితే బయోస్‌లోకి వెళ్ళి ఆన్ చేయాలి. బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి ఫోన్‌లోకి రాసి పెట్టుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఈ మార్పు తర్వాత ఆ 48 అంకెలు అడుగుతాయి, అవి లేకపోతే డిస్క్ తెరుచుకోదు. బయోస్ మోడ్ లెగసీ అని ఉన్న పాత మెషీన్లలో డిస్క్‌ను జీపీటీకి మార్చాకే సెక్యూర్ బూట్ పనిచేస్తుంది. అది బ్యాకప్ లేకుండా చేయకండి. లినక్స్‌లో గానీ వర్చువల్ మెషీన్‌లో గానీ ఆట నడవదు, ప్రయత్నించి టైమ్ వృథా చేసుకోవద్దు.

స్కిన్ల (తుపాకీ మీది అలంకారాల) గురించి ఒక్క మాట. తుపాకీ బలం పైసా కూడా మారదు. ప్రీమియం రకం ఒక్కో తుపాకీ 1775 వీపీ (డబ్బు పెట్టి కొనే ఆట నాణేలు), పూర్తి సెట్ 7100 వీపీ దాకా ఉంటుంది. ఒకసారి కొంటే తిరిగి అమ్మడానికి లేదు, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. పాకెట్ మనీ పెట్టే చోటు కాదు. దానికంటే మౌస్, ప్యాడ్ కొనండి.

మౌస్ అన్నాను కాబట్టి, ఫోన్ నుంచి వచ్చేవాళ్ళు చేసే మొదటి తప్పు సెన్సిటివిటీ ఎక్కువ పెట్టుకోవడం. మౌస్ డీపీఐ 800, ఆటలో 0.35 పెట్టండి. పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి మౌస్ దాదాపు 47 సెంటీమీటర్లు కదలాలి. మొదట్లో బరువుగా అనిపిస్తుంది. మణికట్టుతో కాకుండా ముంజేతితో తిప్పడం అలవాటవుతుంది, రెండు వారాలు మార్చకండి. ప్యాడ్ కనీసం 40 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. విండోస్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ తీసేయండి.

3050 ఈ ఆటకు ఎక్కువే. గ్రాఫిక్స్ అన్నీ లో, వీసింక్ ఆఫ్, రిఫ్లెక్స్ ఆన్, ఛార్జర్ పెట్టే ఆడాలి. బ్యాటరీ మీద ఫ్రేములు సగానికి పడిపోవచ్చు. 60 హెర్ట్జ్ స్క్రీన్ మాత్రం నిజమైన లోటు. మూల దాటి వచ్చేవాడు మీకు కాస్త ఆలస్యంగా, గెంతుతున్నట్టు కనిపిస్తాడు. ముందుముందు డబ్బు పెట్టాలనుకుంటే మొదట 144 హెర్ట్జ్ మానిటర్ మీద పెట్టండి. అప్పటిదాకా మనిషి కనిపించాక గురి చూసే ఆట కాకుండా, మనిషి వచ్చే చోట తల ఎత్తున ముందే గురి ఉంచే ఆట ఆడండి.

ర్యాంక్డ్ తెరవడానికి అకౌంట్ లెవెల్ 20 కావాలి, ఆ లోపు తొందరపడి లెవెల్ అయిన అకౌంట్ ఎవరి దగ్గరా కొనకండి. అమ్మినవాడు మళ్ళీ లాగేసుకోవచ్చు, నిషేధమూ పడొచ్చు. పైగా ఇతరుల అకౌంట్లలో కింది ర్యాంకుల్లో దిగే పెద్ద ఆటగాళ్ళు సిల్వర్, గోల్డ్‌ను ఎంత పాడు చేస్తున్నారో మీరే చూస్తారు, ఆ గుంపులో కలవద్దు. 20 దాకా స్విఫ్ట్‌ప్లే ఆడండి. ముందు 5 రౌండ్లు గెలిస్తే అయిపోతుంది, పావుగంట పని. రోజూ రేంజ్‌లో పది నిమిషాలు, తర్వాత ఒక డెత్‌మ్యాచ్ (జట్లు లేకుండా ఎవరికి వారే కాల్చుకునే ఆట), తర్వాత రెండు స్విఫ్ట్‌ప్లేలు. డెత్‌మ్యాచ్‌లో ఎన్ని చంపారో చూసుకోవద్దు. ఆగి కాల్చారా, పరుగులో కాల్చారా అన్నది ఒక్కటే చూసుకోండి.

ఏజెంట్ విషయానికొస్తే, కొత్త అకౌంట్‌కు మొదట దొరికే ఐదుగురిలో జెట్ ఉంటుంది, అందరూ దాని మీదే పడతారు. మీరు బ్రిమ్‌స్టోన్ తీసుకోండి. మ్యాప్ తెరిచి మూడు చోట్ల నొక్కితే మూడు పొగలు పడతాయి, దాదాపు 20 సెకన్లు ఉంటాయి. గురి ఇంకా కుదరకపోయినా ఆ మూడు పొగలతో జట్టుకు ప్రతి రౌండ్లోనూ పనికొస్తారు. దాడిలో సైట్ మీదికి తూటా వచ్చే రెండు మూడు దారులు మూయాలి. పొగ సగం వెనక్కి పడి దారిలో చిన్న సందు మిగిలితే అసలు వేయనిదానికంటే ప్రమాదం, ఎందుకంటే మీవాళ్ళు మూసుకుందనుకుని ధైర్యంగా నడుస్తారు. ఖాళీ కస్టమ్ గేమ్ తెరిచి అసెంట్, హేవెన్ మ్యాపుల్లో పొగ వేసి, అవతలి వైపు నుంచి నిలబడి మీ పొగను మీరే చూసుకోండి. ఒక్కో సైట్‌కు పది నిమిషాలు పడుతుంది. మొదటి వారం ఈ రెండు మ్యాపులు చాలు.